సూది బెజ్జంలోంచి మన ఊరు

మన యౌవనస్థుల కూటాల్లో వెలుగు గురించి పాడని వారం ఉండదు. వెలుగు, దీపం, చీకటి, తెర తొలగడం... ఈ మాటలు లేకుండా ఒక్క ఆరాధన కూడా ముగియదు. మరి ఆ వెలుగు ఎలా నడుస్తుందో, దేనిమీద పడితే ఏమవుతుందో మన పిల్లలచేత ఒక్కసారైనా పరీక్ష చేయించామా? బడిలో వెలుగు మార్కుల కోసం, సంఘంలో వెలుగు పాట కోసం. ఆ రెండూ ఒకటేనని వాళ్లకు ఎవరూ చెప్పరు.

నేను అడిగేది చిన్న పని. ఈ ఏడాది చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ప్రతి యూత్ గ్రూపు ఒక సూదిబెజ్జం కెమెరా చేయాలి. కొనడం కాదు, తమ చేతులతో చేయాలి. ఆ తర్వాత దాన్ని పట్టుకొని ఊళ్లోకి వెళ్లాలి.

చేసే విధానం తెలియనివారి కోసం చెబుతున్నాను. ఒక చెప్పుల పెట్టె తీసుకోండి. లోపలంతా నల్లరంగు పూయండి, లేదా నల్ల చార్టు అంటించండి. ఒక చివర చిన్న కిటికీ కోసి, దానికి చాక్లెట్ రేకో, టిఫిన్ కట్టే వెండిరంగు రేకో అంటించి, మధ్యలో సన్నని సూదితో ఒక్క పోటు పొడవండి. బెజ్జం అర మిల్లీమీటరు కంటే కాస్త పెద్దదిగా, అంచులు చిరగకుండా గుండ్రంగా ఉండాలి. రెండో చివర అట్ట తీసేసి నూనె పూసిన తెల్ల కాగితం బిగించండి. పెట్టె మూత సందుల్లోంచి వెలుగు దూరకుండా టేపు వేయండి. ఇక బెజ్జం వైపు ఎండలో ఉన్న వీధికి తిప్పి, దుప్పటి తలమీదుగా కప్పుకొని నూనె కాగితాన్ని చూడండి. ఒకటి రెండు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనివ్వండి. సూర్యుణ్ణి మాత్రం ఆ బెజ్జంలోంచి నేరుగా చూడకూడదు. ఈ మాట పిల్లలకు రెండుసార్లు చెప్పండి.

కాగితం మీద వీధి కనబడుతుంది, అదీ రంగులతో. ఆటో వెళ్తుంది, కోడి పరుగెడుతుంది, చెట్టు ఊగుతుంది. అన్నీ తలకిందులుగా. ఒంటె దూరలేని సూది బెజ్జం గురించి ప్రభువు చెప్పాడు గదా. ఇక్కడ సూది పొడిచిన బెజ్జంలోంచి ఊరు ఊరంతా దూరిపోతుంది!

మొదటిసారి చూసినవాళ్లు కేక వేస్తారు. రెండో నిమిషంలో అడుగుతారు, "అన్నా, ఎందుకు తలకిందులైంది?" ఆ ప్రశ్న రాగానే మనం ప్రసంగం మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. పిల్లలకు ఒక దారం ఇవ్వండి. చెట్టు కొననుంచి వచ్చే వెలుగు తిన్నగా బెజ్జంలో దూరితే ఎక్కడికి చేరుతుంది? కిందికి. వేరు దగ్గరనుంచి వచ్చేది? పైకి. దారం చాచి పట్టుకొంటే వాళ్లకే తెలిసిపోతుంది. వెలుగు వంకరగా నడవదు గనుకనే బొమ్మ తలకిందులైంది. బెజ్జం పెద్దది చేస్తే బొమ్మకు వెలుగు పెరుగుతుంది గాని మసకబారుతుంది. చిన్నది చేస్తే స్పష్టంగా ఉంటుంది గాని మబ్బుగా ఉంటుంది. ఇదంతా వాళ్లే చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి తెలుసుకోవాలి.

వెయ్యేళ్ల క్రితం ఇదే పని చేసినవాడు ఇబ్న్ అల్ హైథమ్. బస్రాలో పుట్టి కైరోలో బతికిన ముస్లిం పండితుడు. కంటిలోంచి చూపు బయటికి వెళ్లి వస్తువును తాకుతుందన్న పాత ఊహను పక్కనపెట్టి, వెలుగే వస్తువునుంచి కంటిలోకి వస్తుందని తర్కంతోను ప్రయోగంతోను చూపించాడు. 1604లో కెప్లర్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లి, మన కంటి లోపల పడే బొమ్మ కూడా తలకిందులదేనని వివరించాడు. ఈ కెప్లర్ బోధకుడు కావాలని టూబింగెన్‌లో వేదాంతం చదివినవాడే. మన వేదాంత కళాశాలల్లో ఆయన పేరు వినబడకపోవడం నాకు విడ్డూరంగా ఉంటుంది. చింతామణి దగ్గర మురుగమల్ల దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళ్లే ప్రాంతం మనది. మన పిల్లలు వెలుగు గురించి మొదటి పాఠం ఒక ముస్లిం దగ్గర నేర్చుకొన్నారని చెప్పడానికి మనకు సంకోచం ఉండకూడదు.

మన ప్రాంతానికి ఈ పద్ధతి సరిపోవడానికి ఇంకో కారణం ఉంది. సరిహద్దు సంఘాల సంగతి ఆంధ్ర, తెలంగాణ సోదరులకు అంతగా తెలియదు. మా యౌవనులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడ చదువుతారు, బజారులో ఉర్దూ వింటారు. తెలుగులో పాడతారు, తెలుగులో ప్రార్థిస్తారు, తెలుగు బైబిలు ఇస్తే మాత్రం అక్షరం రాదు. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు చెప్పిన నేల ఇది. ఇప్పటి పిల్లలకేమో నోటికి ఒక భాష, చేతికి ఒక భాష. వాక్య ధ్యానం అనగానే చదవగలిగిన నలుగురే ముందు కూర్చుంటారు. టమాట మండీలో కూలికి వెళ్లే అబ్బాయి, పట్టుపురుగులకు ఆకు కోసే అమ్మాయి వెనక గోడకు ఆనుకొంటారు. అట్టపెట్టె ముందుకు వచ్చేసరికి ఆ వరస మారిపోతుంది. రేకు చిరగకుండా సూది దించే నేర్పు బాగా చదివేవాళ్లకే ఉండాలని ఎక్కడా లేదు గదా.

కొందరు పెద్దలు ఒప్పుకోరు. "ఇది స్కూలు మాస్టరు పని, పాస్టరు పని కాదు" అంటారు. ఇంకొందరు తోమా సంగతి ఎత్తుతారు, చూడకుండా నమ్మినవారే ధన్యులు గదా అని. ఆ మాట నిజమే. కానీ యోహాను 20వ అధ్యాయం మళ్లీ చదవండి. తోమా అడిగినందుకు ప్రభువు అతణ్ణి బయటికి పంపలేదు. దగ్గరికి పిలిచి చేతులు చూపించాడు, వేలు పెట్టి చూడమన్నాడు. తాకి చూడాలనుకొన్న శిష్యుడికి కూడా ఆ గదిలో చోటు ఉంది.

నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. మన వీ.బీ.ఎస్.లలో, యూత్ క్యాంపుల్లో సువార్త మేజిక్ అని ఒకటి నడుస్తోంది. ఎర్రనీళ్లు తెల్లగా మారతాయి, ఖాళీ సంచిలోంచి రంగు రుమాళ్లు వస్తాయి, పిల్లలు చప్పట్లు కొడతారు. ఎలా జరిగిందో చెప్పరు. చెబితే ఆకర్షణ పోతుందట. విశ్వాసం అంటే కిటుకు అడగకుండా చప్పట్లు కొట్టడం అనే పాఠం పిల్లల మనసులో పడిపోతుంది. రేపు ఎవడో స్వస్థత పేరుతో నూనె సీసా అమ్మితే ఆ పిల్లలే వరసలో నిలబడతారు.

మన జిల్లాలోనే గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు భౌతికశాస్త్ర అధ్యాపకుడు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు 1976లో మహిమలను, మూఢనమ్మకాలను శాస్త్రీయంగా పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పారు. బాగేపల్లి నేషనల్ కాలేజీ ఆయన నడిపించిన విద్యాసంస్థదే. అక్కడ చదివే మన విశ్వాసుల పిల్లలు శనివారం దాకా ప్రశ్న అడగడం నేర్చుకొని, ఆదివారం ఆ అలవాటును చెప్పులతోపాటు గుమ్మం బయట వదలాలా? అలా వదలమంటే కొన్నాళ్లకు చెప్పులు వేసుకొని తిరిగి రాకుండా వెళ్లిపోతారు. వెళ్లిపోతున్నారు కూడా.

2019 డిసెంబరు 26 గుర్తుందా? క్రిస్మస్ మరునాడు ఉదయం సూర్యగ్రహణం. మన వైపు సూర్యబింబంలో చాలా భాగం కప్పబడింది. ఆ రోజే కలబురగి జిల్లాలో, బాగవుతారన్న నమ్మకంతో, వైకల్యం ఉన్న పిల్లలను మెడదాకా మట్టిలో పాతిన వార్త వచ్చింది. అది చదివి మనవాళ్లు "అన్యుల అజ్ఞానం" అన్నారు. సరే, మన ఇళ్లలో ఎంతమంది గర్భిణులను ఆ ఉదయం తలుపు వేసి లోపల కూర్చోబెట్టారు? నీళ్లు తాగనివ్వని అత్తలు మన సంఘాల్లో లేరా? ఆ ఉదయం కానుగ చెట్టు కింద నిలబడి నేలను చూసి ఉంటే చాలు. ఆకుల సందులు ఒక్కొక్కటీ ఒక సూదిబెజ్జమే. నేలమీద వందలకొద్దీ చిన్న నెలవంకలు పడివుంటాయి, ఒక్కొక్కటి ఒక సూర్యుడు. మామూలు రోజుల్లో కూడా పెంకుటిల్లు ఉన్నవాళ్లు చూడవచ్చు. పెంకు సందు ఏ ఆకారంలో ఉన్నా నేలమీద పడే వెలుగు బిళ్ల గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సందు బొమ్మ కాదు, సూర్యుడి బొమ్మ. 3 మీటర్ల ఎత్తునుంచి పడితే ఆ బిళ్ల దాదాపు 3 సెంటీమీటర్లు ఉంటుంది. స్కేలు పెట్టి కొలవమనండి. కొలిచిన అమ్మాయి రేపు తను గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణానికి భయపడదు. దేవుడు చేసిన సూర్యచంద్రులకు భయపడకపోవడం ఆదికాండము మొదటి అధ్యాయం నేర్పే పాఠమే గదా.

పెట్టె లోపల నల్లరంగు ఎందుకు అని ఏ గ్రూపులోనైనా ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న కోసం నేను కాచుకొని ఉంటాను. ఇంకో పెట్టెకు లోపల తెల్లకాగితం అంటించి పక్కపక్కన చూపించండి. తెల్లపెట్టెలో లోపలికి వచ్చిన వెలుగు అన్ని గోడలమీదా చెదిరి బొమ్మ వెలిసిపోతుంది. నల్లపెట్టెలో నలుపు ఆ చెదిరిన వెలుగును మింగేసి బొమ్మను నిలబెడుతుంది.

ఇప్పుడు మన సండే స్కూల్ సంచిలోని రంగుల పుస్తకం బయటికి తీయండి. నల్ల పేజీ పాపం, ఎర్ర పేజీ రక్తం, తెల్ల పేజీ శుద్ధ హృదయం. 1866లో లండన్‌లో చార్లెస్ స్పర్జన్ తన ప్రసంగంలో చెప్పిన మూడు పేజీల పుస్తకం అది; తర్వాత బంగారు, పచ్చ పేజీలు చేరాయి. చేసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ చిక్కబళ్ళాపురం కాలనీలో ఎనిమిదేళ్ల నల్లటి ఆడపిల్ల ముందు నల్ల కాగితం పట్టుకొని "ఇది పాపం" అంటే ఆ పిల్ల ఏమి వింటుంది? ఆ పిల్లను బడిలో ఇప్పటికే "కరిదానా" అని పిలుస్తున్నారు. పెళ్లిచూపుల్లో రంగు తక్కువని కట్నం పెంచుతారు. తెల్లబరిచే క్రీముల కంపెనీ కూడా 2020లో తన సరుకు పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసింది. మనం మాత్రం పేజీ మార్చలేదు. యెషయా 1:18లో పాపం ఎర్రగా ఉంటుంది, నల్లగా కాదు. పరమగీతము మొదటి అధ్యాయంలో నల్లని స్త్రీ తన అందాన్ని తానే ప్రకటించుకొంటుంది. సొలొమోను మందిర ప్రతిష్ఠలో దేవుడు గాఢాంధకారంలో నివసిస్తాడని చెప్పబడింది. ఈ వాక్యాలు మన రంగుల పుస్తకంలో ఏ పేజీకి వస్తాయి?

చూపు లేని యౌవనులు గ్రూపులో ఉంటే అట్టపెట్టె వాళ్లకు ఏమి ఇస్తుంది అని కూడా ఆలోచించాలి. అందుకే రెండు ఖాళీ డబ్బాలు తీసుకెళ్లండి. ఒకదానికి నల్లరంగు, ఒకదానికి తెల్లరంగు వేసి, సమానంగా నీళ్లు పోసి ఎండలో గంటసేపు పెట్టండి. చేతులు పెట్టి చూడమనండి. ఎక్కువ వెచ్చగా ఉండేది నల్ల డబ్బా. తనమీద పడిన వెలుగును తిప్పికొట్టకుండా దాచుకొన్నది అదే గదా. ఈ పనిలో చూపు లేనివాళ్లే ముందు కనిపెడితే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక అసలు పని. పెట్టెను ఊళ్లోకి తీసుకెళ్లాలి.

నూనె కాగితం మీద పడిన బొమ్మను పెన్సిలుతో గీయవచ్చు. ఒకే ఊరిని రెండు చోట్లనుంచి గీయమని చెప్పండి. మొదట మెయిన్ రోడ్డు మీద, పంచాయతీ ఆఫీసు ముందు పెట్టె పెట్టండి. తర్వాత కాలనీ చివర, మన చిన్న ప్రార్థనా మందిరం గుమ్మంలో పెట్టండి. రెండు కాగితాలూ పక్కపక్కన ఉంచి చూడండి. బాగేపల్లి వైపు ఒక ఊళ్లో ఇలా చేసినప్పుడు ఒక అమ్మాయి చెప్పిన మాట ఇది: "రోడ్డు బొమ్మలో మా ఇళ్లు లేవు, వాటర్ ట్యాంకు అడ్డం వచ్చింది. మా బొమ్మలో మాత్రం రోడ్డూ ఉంది, ట్యాంకూ ఉంది, రెడ్డిగారి మేడ కూడా ఉంది." పెట్టె పనితీరు రెండు చోట్లా ఒకటే. తేడా అంతా మనం దాన్ని ఎక్కడ పెట్టాం అన్నదానిలోనే ఉంది. కిందనున్నవాళ్లకు పైనున్నవాళ్లు ఎప్పుడూ కనబడతారు. పైవాళ్లకే కిందివాళ్లు కనబడరు. ధనవంతుడు, లాజరు ఉపమానం ఆ రోజు చెప్పండి. ధనవంతుడి గుమ్మం దగ్గరే లాజరు పడివున్నా ఆ ధనవంతుడి కన్ను పాతాళంలోకి వెళ్లాకే పైకి లేచింది.

బొమ్మ తలకిందులైంది గనుక మరియ పాటను కలిపి చెప్పాలని చాలామందికి అనిపిస్తుంది. బలవంతులు ఆసనాలనుంచి దిగడం, దీనులు పైకి లేవడం. నాకూ ఇష్టమే, కానీ జాగ్రత్తగా చెప్పాలి. పెట్టెలో మేడ కిందికి రావడానికి ఎవరూ కష్టపడలేదు, వెలుగు నియమం చాలింది. ఊళ్లో అలా జరగదు. పెట్టె తీసేస్తే మేడ మేడగానే ఉంటుంది, టీ హోటల్లో వేరే గ్లాసు వేరుగానే ఉంటుంది. తలకిందుల బొమ్మ చూసి సంతోషపడి ఇంటికి వెళ్లిపోవడం కూడా ఒక రకం మేజిక్కే.

సాక్షి అనే మాటలోనే అక్షి, అంటే కన్ను, ఉంది. కంటితో చూసినవాడే సాక్షి. మన సంఘాల్లో ప్రతి ఆదివారం సాక్ష్యాలు చెబుతాం. జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది, అప్పు తీరింది. మంచిదే, దేవునికి స్తోత్రం. కానీ చింతామణి తాలూకాలో సాక్ష్యం అనే మాటకు ఇంకో బరువు ఉంది. 2000 మార్చి 11న కంబాలపల్లిలో 7 గురు దళితులను సజీవంగా కాల్చిచంపారు. 2006లో నిందితులందరూ కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు, ఎందుకంటే సాక్షులు అడ్డం తిరిగారు. 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. 7 గురు చనిపోయారు, చంపినవారు మాత్రం చట్టం దృష్టిలో ఎవరూ లేరు.

ఆ సాక్షులను నిందించడానికి ఈ మాట ఎత్తలేదు. అదే ఊళ్లో బతకాలి, అదే బావి నీళ్లు తాగాలి, చంపినవాళ్ల పొలంలోనే కూలికి వెళ్లాలి అన్నప్పుడు నోరు ఎలా లేస్తుంది? యోహాను 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాడి తల్లిదండ్రుల్ని చూడండి. కొడుకు కళ్లు తెరిచిన సంగతి వాళ్లకు తెలుసు. అయినా పెద్దలు పిలిచి అడిగితే, వాడికి వయసు వచ్చింది, వాడినే అడగండి అని తప్పించుకొన్నారు. వెలివేస్తారన్న భయం అని యోహాను కారణం కూడా రాశాడు. వాళ్లను చెడ్డవాళ్లని అనలేదు. ఆ కొడుకు మాత్రం తనకు తెలిసిన ఒక్క సంగతి పట్టుకొని నిలబడ్డాడు, వెలివేయబడ్డాడు. వెలివేశారని విన్న యేసు అతణ్ణి వెదకి కలుసుకొన్నాడు. సాక్షి ఒంటరివాడైతే సంఘం ఏమి చేయాలో ఆ వచనం చెబుతోంది: వెళ్లి కలుసుకోవాలి. సాక్షికి కూలి పోతే బియ్యం ఇవ్వాలి, కోర్టుకు వెళ్లే రోజున పక్కన పదిమంది కూర్చోవాలి, లాయరు దగ్గరికి తోడు వెళ్లాలి. కంబాలపల్లి సాక్షులకు అలాంటి సంఘం దొరికిందా?

మన యౌవనులకు నేర్పాల్సిన విశ్వాసం ఇదని నా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్టు చూడటం, చూసింది చూసినట్టు చెప్పడం, చెప్పినవాడి పక్కన నిలబడటం. మొదటిది అట్టపెట్టెతో మొదలుపెట్టవచ్చు. రెండోది కష్టం, మూడోది ఇంకా కష్టం, వాటికి ఏ పెట్టె చాలదు. అందుకే వీధి గీసిన తర్వాత పిల్లల చేత ఆ కాగితం వెనక రాయించండి, తెలుగైనా కన్నడైనా సరే. ఈ బొమ్మలో మీరు చూసిందేమిటి, ఇంతవరకూ ఎవరితోనూ చెప్పనిదేమిటి. రాయడం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాయాలి. పేరు పెట్టమని బలవంతం చేయవద్దు. ఆ కాగితాలు యూత్ లీడర్ దగ్గర కాకుండా, సంఘంలో పిల్లలు నమ్మే ఒక అక్క దగ్గర భద్రంగా ఉండాలి. ఇంట్లో కొట్టే తండ్రి, బడిలో వేరుగా కూర్చోబెట్టే మాస్టరు, పొలంలో చేయి వేసే మేస్త్రి, ఏదైనా బయటికి రావచ్చు. వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందే తెలుసుకొని ఉండండి: పిల్లల విషయమైతే 1098, ఆడవాళ్ల విషయమైతే 181, కుల దూషణ అయితే 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం.

మార్చి 11కు ముందు వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఈ కూటం పెట్టుకోమని మూడు ప్రాంతాల యూత్ గ్రూపులను కోరుతున్నాను. మార్చిలో మన వైపు ఎండ బాగా ఉంటుంది, బొమ్మ స్పష్టంగా పడుతుంది. నల్లరంగు చిన్న డబ్బా ఒకటి పది పెట్టెలకు సరిపోతుంది. చెప్పుల పెట్టెలు షాపువాళ్లను అడిగితే ఊరికే ఇస్తారు. దుప్పట్లు మాత్రం మందంగా ఉన్నవి తీసుకురండి, పలచటి చున్నీలోంచి వెలుగు దూరి బొమ్మ కనబడదు.